కొళాయి ఆగింది, చెత్త బండి రాలేదు, ఎవరిని అడగాలి? విశాఖ వార్డు సేవలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెల్లవారి కొళాయిలో నీళ్లు రాకపోయినా, చెత్త బండి కనిపించకపోయినా, సచివాలయంలో కుర్చీ ఖాళీగా ఉన్నా మా వీధిలో చాలామంది ముందు నాకే ఫోన్ చేస్తారు. కాలనీ సంక్షేమ సంఘంలో ఈ పనులు చూసుకునేది నేనే. ఎక్కువమంది అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. అందుకే నాకు తెలిసిన జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ప్రకటన కాదు, ఒక నివాసి రాసుకున్నది. వేళలు, తేదీలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ రోజు సంగతి మీ వార్డు సచివాలయంలో ఒకసారి కనుక్కోండి.

రేపు నీళ్లు రావని ముందే ఎలా తెలుస్తుంది?

ముందే అనుకున్న మరమ్మతు అయితే పేపర్ జిల్లా పేజీలో చిన్న ప్రకటన పడుతుంది. ఫలానా ప్రాంతాలకు ఫలానా రోజు నీటి సరఫరా ఉండదని పేర్లు వరసగా ఇస్తారు. అందులో మీ కాలనీ పేరు కనపడలేదని ధీమాగా ఉండకండి. మీ వీధికి ఏ ట్యాంకు నుంచి నీళ్లు వదులుతారో తెలుసుకుని, ఆ ట్యాంకు పేరు ఉందేమో చూడండి. ఆ సంగతి మీ దగ్గర వాల్వు తిప్పే మనిషికి బాగా తెలుసు. ఒక్కసారి అడిగి గోడమీద క్యాలెండర్ వెనక రాసి పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఇలాంటి కబురు ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతోంది. అక్కడే ఒక చిక్కు ఉంది. మా వీధి చివర మేడమీద గదిలో డెబ్బై దాటిన పెద్దమ్మ ఒక్కరే ఉంటారు. ఒకరోజు ఉదయం ఐదున్నరకు పాలు తేవడానికి వెళ్తూ చూశాను. కిందికి దిగి, కొళాయి కింద ఇత్తడి బిందె పెట్టి, కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉన్నారు. కొళాయిలోంచి గాలి బుస్సుమంటోంది. రెండు చుక్కలు రాలాయి, ఆగిపోయాయి. ఆవిడ మాత్రం అక్కడే నిలబడ్డారు. ముందురోజు సాయంత్రమే గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేనూ చదివాను. ఆవిడ చేతిలో ఉన్నది బటన్ ఫోను, మెట్లెక్కి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఈ పేజీ రాయాలని నాకు అనిపించింది ఆ ఉదయమే.

అసలు ఇన్నిసార్లు నీళ్లు ఎందుకు ఆగుతాయి?

మన ఊరి పక్కనే సముద్రం ఉన్నా తాగే నీళ్లు మాత్రం చాలా దూరం నుంచి రావాలి. విజయనగరం జిల్లా గంట్యాడ వైపు గోస్తని నది మీద ఉన్న తాటిపూడి రిజర్వాయర్ నుంచి కొన్ని వస్తాయి. దేవరాపల్లి దగ్గర శారదా నది మీద కట్టిన రైవాడ నుంచి కొన్ని. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ ఊరికి దగ్గరగానే ఉన్నాయి. వీటన్నిటితో పాటు కాకినాడ జిల్లా ఏలేశ్వరం దగ్గరి ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణం చేసి వచ్చే నీళ్లున్నాయి. ఆ కాలువ నీళ్ల మీద ఊరే కాదు, స్టీల్‌ప్లాంటు కూడా ఆధారపడి ఉంది.

ఇంత దూరంలో ఎక్కడ ఏం జరిగినా దెబ్బ మన కొళాయికి తగులుతుంది. కాలువకు గండి పడొచ్చు, మెయిన్ పైపు జాయింటు ఊడొచ్చు, పంపుహౌస్‌కి కరెంటు పోవచ్చు, ఎండాకాలంలో రిజర్వాయర్ మట్టం పడిపోవచ్చు. కరెంటు ఒక గంట పోతే నీళ్లూ ఒక గంటే ఆలస్యం కావాలి కదా అని చాలామంది అంటారు. అలా జరగదు. పంపులు మళ్లీ నడవాలి, ఖాళీ అయిన పైపులు నిండాలి, ఆ తర్వాత ఎత్తు మీది ట్యాంకు నిండాలి. ఈలోపు మీ వీధి వంతు దాటిపోతుంది. కొండవాలు కాలనీల వాళ్లకు ప్రెషర్ అందరికంటే ఆలస్యంగా అందుతుంది. అందుకే పల్లంలో ఉన్నవాళ్లకు నీళ్లు వచ్చేసినా పైవాళ్ల బిందెలు ఖాళీగానే ఉంటాయి. ఇందులో పక్షపాతం ఏమీ లేదు, నీళ్లు పల్లానికే పోతాయి. కానీ ఆ పూట ట్యాంకర్ ముందు పైవాళ్లకే పంపాలని గట్టిగా అడగాల్సిన బాధ్యత కిందున్న మనది కూడా.

నీళ్లు మళ్లీ వచ్చాక వెంటనే పట్టుకోవచ్చా?

మొదటి రెండు మూడు బకెట్లు మొక్కలకో, బాత్రూం కడగడానికో వాడండి. ఖాళీగా ఉన్న పైపులోకి నీళ్లు ఒక్కసారి వస్తే అడుగున పేరుకున్న తుప్పు, మట్టి కదిలి వస్తాయి. పైపులో ప్రెషర్ లేనప్పుడు ఎక్కడైనా చిల్లు ఉంటే బయటి మురికి లోపలికి లాగుతుంది. అందుకే రంగు తేటపడినా ఒకటి రెండు రోజులు తాగే నీళ్లు బాగా మరగకాచి చల్లార్చుకోండి. వాసన వచ్చినా, పచ్చగా కనిపించినా తాగొద్దు. ఒక సీసాలో పట్టి సచివాలయంలో నీళ్ల పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి చూపించండి. మాటలతో చెప్పినదానికంటే సీసా చూపిస్తే పని త్వరగా కదులుతుంది.

ఇంకో సంగతి. నీళ్లు సన్నగా వస్తున్నాయని కొళాయికి నేరుగా మోటారు బిగించేవాళ్లున్నారు. అలా చేయడానికి వీల్లేదు. పక్కింటి నీళ్లు లాగేసుకోవడం ఒక్కటే కాదు, పైపు చిల్లుల్లోంచి మురుగును కూడా ఆ మోటారు లాగుతుంది. ఆ నీళ్లు మీ ఇంటి పసిపిల్లలే తాగుతారు.

చెత్త బండి రాలేదు. ఎవరికి చెప్పాలి?

ఒకపూట రాకపోతే సాయంత్రం దాకా చూడండి. బండి పాడైతే పక్క వార్డు బండిని తిప్పి పంపుతారు, ఆలస్యమవుతుంది. రెండోరోజు కూడా రాకపోతే సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి చెప్పండి. పుర మిత్ర యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు, జీవీఎంసీ టోల్‌ఫ్రీ నంబరు 1800 4250 0009కి ఫోన్ చేయొచ్చు. ఏది చేసినా ఫిర్యాదు నంబరు రాసుకోండి. మీ వీధి ఊడ్చే మనిషిని నిలబెట్టి కేకలేయడం మాత్రం వద్దు. బండి ఎటు పోవాలో నిర్ణయించేది ఆవిడ కాదు.

పండగలప్పుడు, ఊళ్లో పెద్ద కార్యక్రమాలప్పుడు వేళలు మారతాయి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ అంటే 32 కిలోమీటర్ల దారి పొడవునా జనమే. ఆ దారిలో బండి మామూలు వేళకు కదలలేదు. నేవీ విన్యాసాలు జరిగే రోజున బీచ్ రోడ్డు చుట్టుపక్కలా, 2025 జూన్ 21 యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ వైపు జనం పోటెత్తిన రోజునా ఇదే పరిస్థితి. అలాంటి తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి ముందురోజు ఉదయమే ఇంట్లో చెత్త బండిలో వేసేసుకోవడం మేలు.

పారిశుద్ధ్య కార్మికులు సమ్మెలో ఉంటే ఇంట్లో చెత్త ఏం చేయాలి?

2023 డిసెంబరు చివర మొదలైన మున్సిపల్ కార్మికుల సమ్మె 2024 జనవరిలో, సంక్రాంతి దగ్గరపడేదాకా సాగింది. సమాన పనికి సమాన వేతనం, ఉద్యోగ భద్రత వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనవి. అప్పుడు మా ఇళ్లలో నేర్చుకున్నదే చెప్తాను.

పొడి చెత్తతో గొడవ లేదు. కవర్లు, అట్టపెట్టెలు, సీసాలు కడిగి ఆరబెట్టి సంచిలో కట్టి పెడితే పది రోజులున్నా వాసన రాదు. అసలు టెన్షన్ తడి చెత్తతోనే. అందులోనూ మన ఊళ్లో ఆదివారం వచ్చిందంటే చేపల పొలుసు, రొయ్యల పొట్టు. వాటిని పేపర్లో గట్టిగా చుట్టి, మూతున్న పాత డబ్బాలో పెట్టి ఫ్రిజ్ పైఅరలో, అంటే ఐసు కట్టే చోట పెట్టండి. బండి వచ్చిన రోజు బయటికి తీస్తే సరిపోతుంది. ఫ్రిజ్ లేనివాళ్లు సమ్మె తీరేదాకా చేపలు కోసే చోటే శుభ్రం చేయించుకుని తెచ్చుకోవడం నయం. కూరగాయల తొక్కలు, టీపొడి పిప్పి, అరటి తొక్కలు పాత బకెట్టుకు చిల్లులు పెట్టి, అడుగున కొబ్బరి పీచు పరిచి వేయండి. పైన రోజూ గుప్పెడు ఎండుటాకులో, పొడి మట్టో చల్లితే దోమలు రావు. మా ఇంట్లో ఆ బకెట్టు సమ్మె అయిపోయాక కూడా డాబా మీద అలాగే ఉంది. ఇప్పుడు అందులోని ఎరువుతోనే కరివేపాకు చెట్టు పెరుగుతోంది.

డైపర్లు, శానిటరీ ప్యాడ్లు విడిగా పేపర్లో చుట్టి, హానికర చెత్త వేసే ఎర్ర డబ్బాలోనే ఉంచండి. సూదులు, పగిలిన గాజు ఉంటే చుట్టిన పొట్లం మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఆ సంచి ఎత్తేది ఒక మనిషి చెయ్యి.

గెడ్డలో, అంటే ఊళ్లోంచి పోయే పెద్ద కాలువలో, వేసేస్తే ఏమవుతుంది? వానొస్తే కొట్టుకుపోతుంది కదా?

కొట్టుకుపోదు. ఎర్రిగెడ్డ అయినా గంగులగెడ్డ అయినా కల్వర్టు దగ్గరకు వచ్చేసరికి సంచులన్నీ ఒకచోట చేరి అడ్డుపడతాయి. అక్టోబరులో ఒక్క గట్టి వాన పడితే ఆ నీళ్లు వెనక్కి తిరిగి పల్లపు ఇళ్లలోకి వస్తాయి. మోకాలి లోతు మురుగులో మంచం మీద పిల్లల్ని కూర్చోబెట్టిన ఇళ్లు నేను చూశాను. అడ్డుదాటి పోయినదంతా నేరుగా సముద్రంలోకే చేరుతుంది. దయచేసి గెడ్డలో వేయకండి, వీధి మూల కాల్చకండి. ఇంటి దగ్గర పోగుపడినా అది ఎత్తే రోజు వస్తుంది.

చెత్త పన్ను ఇంకా కట్టాలా?

అక్కర్లేదు. 2021 అక్టోబరులో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకంతో పాటు మొదలైన ఆ వసూలును 2024 డిసెంబరు 31 నుంచి రద్దు చేశారు. ఇంటికి వచ్చి ఎవరైనా అడిగితే రసీదు చూపించమనండి, సచివాలయంలో చెప్పండి. తడి, పొడి, హానికర చెత్త విడదీసి ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాల్లో వేసే పద్ధతి మాత్రం అలాగే ఉంది. పన్ను పోయింది కదా అని అన్నీ కలిపేస్తున్నవాళ్లు ఎక్కువయ్యారు. కలిపిన చెత్తంతా చివరికి కాపులుప్పాడ యార్డుకే చేరుతుంది. దాన్ని మళ్లీ వేరు చేయడం ఎంత కష్టమో అటువైపు ఒకసారి వెళ్లి చూసినవాళ్లకు తెలుస్తుంది.

సచివాలయానికి వెళ్తే ఎవరూ లేరు. ఏ రోజు వెళ్లాలి?

ఒకటో తారీఖున వెళ్లకండి. 2024 జులై నుంచి పింఛన్లను సచివాలయ సిబ్బందే ఇంటింటికీ తెచ్చి ఇస్తున్నారు. ఆ ఉదయం వాళ్లంతా వీధుల్లోనే ఉంటారు. ఒకటో తారీఖు సెలవు అయితే ముందురోజే పంచుతారు, అప్పుడు ఆ ముందురోజు కూడా సచివాలయంలో ఎవరూ ఉండరు. సర్వేలు జరిగే వారాల్లో కూడా మధ్యాహ్నం దాటాకే దొరుకుతారు.

2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు ఎవరి పని వాళ్లకు వేరుగా ఉండేది. 2025లో జనాభాను బట్టి సిబ్బందిని సర్దుబాటు చేశారు. మీకు తెలిసిన సెక్రటరీ వేరే చోటికి మారి ఉండొచ్చు. పాత నంబరుకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా ఒకసారి వెళ్లి బోర్డు మీద పేర్లు, నంబర్లు ఫొటో తీసుకోండి.

కొన్ని పనులకు అసలు వెళ్లక్కర్లేదు. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవకు 95523 00009 నంబరులో హాయ్ అని పంపితే పన్ను కట్టడం, సర్టిఫికెట్లు, ఫిర్యాదుల వంటివి తెలుగులోనే వరసగా అడుగుతుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే పక్కింటి పెద్దవాళ్లకు కూడా చేసిపెట్టమనండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దని ఆ పెద్దవాళ్లకు రెండుసార్లు చెప్పండి.

ఇంటి పన్ను ఆన్‌లైన్‌లో కడుతుంటే సర్వర్ ఆగిపోయింది. రాయితీ పోతుందా?

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం రాయితీ వస్తుంది. చివరి రెండు రోజులు అందరూ ఒకేసారి కట్టడానికి కూర్చుంటారు, సైటు అప్పుడే మొరాయిస్తుంది. ఏప్రిల్ రెండో వారంలోనే కట్టేసుకోండి. ఖాతాలోంచి డబ్బు కట్ అయ్యి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. బ్యాంకు లావాదేవీ నంబరు, అసెస్‌మెంట్ నంబరు రెండూ రాసుకుని, రెండు మూడు రోజులు చూసి, అప్పటికీ జమ కాకపోతే జోనల్ ఆఫీసు రెవెన్యూ విభాగంలో కాగితం ఇవ్వండి. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. కొన్ని ఏళ్లలో మార్చి ఆఖరున వడ్డీలో మాఫీ ప్రకటించిన మాట నిజమే. దానికోసం కట్టకుండా ఆగితే ప్రకటించని ఏడాది మీరే నష్టపోతారు.

జనన, మరణ ధ్రువపత్రాలు ఆలస్యమైతే?

21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో జరిగితే వాళ్లే పంపుతారు, ఇంట్లో జరిగితే ఇంటిపెద్ద చెప్పాలి. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోతుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి ఈ పత్రమే ప్రధాన ఆధారం కాబట్టి అశ్రద్ధ చేయొద్దు. బిడ్డ పేరు పెట్టకముందే నమోదు చేయించవచ్చు, పేరు ఏడాదిలోపు ఉచితంగా చేర్చుతారు. బారసాల అయ్యాక చూద్దాంలే అని ఆగేవాళ్లకు ఇది తెలియదు.

ఇది జీవీఎంసీ పనేనా, వేరే వాళ్లదా?

తిరుగుడు ఎక్కువగా ఇక్కడే. స్తంభం కరెంటు సరఫరా సంస్థ ఈపీడీసీఎల్‌ది, దాని మీద దీపం జీవీఎంసీది. మీ ఇంటి కరెంటు పోతే 1912కి చేయండి. వీధి దీపం వెలగకపోతే స్తంభం నంబరు చూసి సచివాలయంలో చెప్పండి. కైలాసగిరి వంటి పార్కులను నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ చూస్తుంది. పోర్టు, రైల్వే, నేవీ, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ లోపల రోడ్లు, నీళ్లు ఆయా సంస్థలవే.

అనకాపల్లి వాళ్లకు ఇంకో తికమక ఉంది. పట్టణం జీవీఎంసీ పరిధిలో ఉంది, కానీ 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా వేరు. కాబట్టి చెత్త, నీళ్లు, ఇంటి పన్ను జీవీఎంసీ జోనల్ ఆఫీసులో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, భూమి పనులు అనకాపల్లి జిల్లా రెవెన్యూ వాళ్ల దగ్గర.

తుఫాను చెబితే ఏయే సేవలు ఆగుతాయి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఉన్న ఎవరినడిగినా ఒకే మాట చెప్తారు. గాలి ఒక్కరోజే వీచింది, కష్టం మాత్రం ఆ తర్వాత మొదలైంది. ముందు కరెంటు పోయింది, కరెంటు లేక పంపులు ఆగాయి, పంపులు ఆగాక కొళాయి ఆగింది, చెట్లు పడి బండ్లు తిరగలేదు, సిగ్నల్ లేక ఎవరికీ ఫోన్ కలవలేదు. ఈ వరస గుర్తుపెట్టుకుంటే చాలు. హెచ్చరిక రాగానే డాబా ట్యాంకు, బిందెలు, డ్రమ్ములు నింపి మూతలు పెట్టండి. తాగడానికి మనిషికి కనీసం మూడు రోజులకు సరిపడా విడిగా ఉంచండి. ఫోన్లు చార్జింగ్ చేసుకోండి, కొంచెం చిల్లర డబ్బు ఇంట్లో ఉంచుకోండి. తెగిపడిన వైరు దగ్గరకు ఎవరినీ పోనివ్వొద్దు. రేకుల ఇళ్ల వాళ్లను సాయంత్రం చీకటి పడకముందే పునరావాస కేంద్రానికి పంపండి. అర్ధరాత్రి వానలో ముసలివాళ్లను నడిపించడం చాలా ప్రమాదం.

పని కాకుండానే పరిష్కరించాం అని మెసేజ్ వస్తే?

ఊరుకోవద్దు. అదే రోజు తేదీ కనపడేలా ఫొటో తీసి, పాత ఫిర్యాదు నంబరు వేసి మళ్లీ పెట్టండి. సోమవారం జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ కాగితం రాసిచ్చి రసీదు తీసుకోండి. కాగితంలో కోపం కాకుండా వీధి పేరు, స్తంభం నంబరు, ఎన్ని రోజులైంది, ఎన్ని ఇళ్లకు ఇబ్బంది, ఈ నాలుగే ఉండాలి. పది ఇళ్ల సంతకాలుంటే ఇంకా మంచిది. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఫోన్ లేనివాళ్లకు కబురు ఎలా చేరుతుంది?

మేము ఇలా చేస్తున్నాం. వీధి మొదట్లో కిరాణా కొట్టు గోడకు ఒక నల్లబల్ల తగిలించాం. గ్రూపులో మెసేజ్ రాగానే దగ్గరున్న ఎవరో ఒకరు దాని మీద సుద్దతో రాస్తారు. ఒంటరిగా ఉండేవాళ్లు, చదవడం రానివాళ్లు, మెట్లు దిగలేనివాళ్లు పది ఇళ్లున్నాయి. ఆ ఇళ్లకు బడినుంచి వచ్చిన పిల్లలు వెళ్లి నోటితో చెప్తారు. నీళ్లు ఆగుతాయంటే చెప్పి ఊరుకోరు, ఆ సాయంత్రమే రెండు బిందెలు పైకి మోసి పెట్టి వస్తారు. బల్ల మీద రాసేటప్పుడు సరఫరాలో అంతరాయం లాంటి మాటలు వద్దు. పోయిన వారం రాసింది ఇదే:

"రేపు గురువారం పొద్దున నీళ్లు రావు. శుక్రవారం పొద్దున వస్తాయి. ఈ రాత్రికే పట్టుకోండి. చివరింటి పెద్దమ్మకు చెప్పాం."